ముక్కనుమ పొద్దున భీమిలి ఒడ్డున గాలం వేయాలంటే

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. పండుగకు వచ్చిన ఆడపడుచులు, అల్లుళ్లు, వాళ్ల పిల్లలు, చుట్టుపక్కల స్నేహితులు ఆ రోజంతా చేతికి అందుబాటులోనే ఉంటారు కనుక మర్నాటి పనికి మనుషులను కూడగట్టుకోవడానికి అంతకన్నా మంచి రోజు దొరకదు. ముక్కనుమకు ఎలాగూ నీచు వండాలి. ఆ పులుసులో ఒక్క ముక్కైనా మన గాలానికి తగిలిన చేపదైతే ఆ తృప్తే వేరు. విశాఖపట్నం నుంచి బీచ్ రోడ్డున పాతిక కిలోమీటర్లకు పైగా వెళితే భీమిలి వస్తుంది. మా ఇంటివాళ్లం చాలా ఏళ్లుగా ముక్కనుమ పొద్దున అక్కడే ఉంటాం. ముసలివాళ్లు, పసివాళ్లు కలిపి పది పన్నెండు మందిని సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లి, అందరినీ లెక్క తప్పకుండా ఇంటికి తెచ్చుకోవడం ఎలాగో చెబుతాను. చేపల లెక్క తరువాత చూద్దాం.

ముందు పంచాంగం తీయండి

సంక్రాంతి సూర్యుడి పండుగ, పోటు చంద్రుడి పని. అందుకే ముక్కనుమ ఏటా జనవరి 16, 17 తేదీల దగ్గరే వచ్చినా, ఆ పొద్దున సముద్రం ఒక ఏడు నిండుగా, మరో ఏడు వెనక్కి తగ్గి ఉంటుంది. పోయినేడు ఏడింటికి బాగా పడ్డాయి కదా అని ఈ ఏడూ ఏడింటికే వెళితే ఒట్టి ఇసుక కనిపించవచ్చు.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటు నుంచి ఆటుకు దాదాపు ఆరుంబావు గంటలు. ప్రతి వేళా మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి ప్రాంతాల్లో పోటు బలంగా ఉంటుంది, విశాఖ దగ్గర నీటి మట్టం సుమారు మీటరున్నర పెరిగి తగ్గుతుంది. అష్టమి ప్రాంతంలో పోటు మందగిస్తుంది. పోటు వేళల పట్టికలు ఫోనులోనే దొరుకుతాయి కాబట్టి లెక్కలు వేసుకోనక్కరలేదు. ఎంచుకోవలసింది ఒక్కటే: పోటు నిండడానికి ముందు రెండు గంటలు, నిండాక ఒక గంట. నీరు ఒడ్డుకు ఎక్కుతూ ఇసుకలోని పురుగులను, చిన్న పీతలను కదిలిస్తుంటే వాటి కోసం చేపలూ దగ్గరకు వస్తాయి. ఆ మూడు గంటలు పొద్దుటి పూట పడితే అదృష్టం. పడకపోతే మధ్యాహ్నం మూడింటికి బయలుదేరండి, తొందరేమీ లేదు. చీకటి పడే ముందే లేచి వచ్చేయాలి, అంతే.

పొద్దుటి పూటకు ఇంకో సుఖం ఉంది. ఆ వేళ గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. గాలానికి బరువుగా కట్టి విసిరిన సీసం ఇంకాస్త దూరం వెళ్లి పడుతుంది. పదీ పదకొండు దాటాక గాలి తిరగబడి మొహాన కొడుతుంది, దారాలు చిక్కులు పడతాయి, పిల్లలకు ఆకలేస్తుంది. అప్పటికి మీరు మూట సర్దుకుంటూ ఉండాలి.

బయలుదేరే ముందు రాత్రి మరో పని చేయండి. సముద్రమే లేని హైదరాబాదులో కూర్చుని దేశంలోని సముద్రాలన్నిటినీ గమనించే ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉంది. ఎత్తైన కెరటాలు వచ్చే సూచన ఉంటే అది ముందే చెబుతుంది. ఆకాశం నిర్మలంగా ఉంది కదా అనుకోవద్దు. ఎక్కడో దూర సముద్రంలో రేగిన గాలికి పుట్టిన కెరటాలు ఇక్కడ ఎండ కాస్తున్న రోజున వచ్చి కొట్టగలవు. ఇన్‌కాయిస్ హెచ్చరిక ఉన్నా, ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేసినా ప్రయాణం మానేయండి. అల్లుడు అలిగినా సరే.

నీటిని చదవడం

ఇది అన్నిటికన్నా ముఖ్యం. భోగి నాడో, అంతకు ముందు రోజో ఆటు వేళకు ఒకసారి వెళ్లి ఒడ్డు చూసి రండి. కనుమ నాడు కదలకూడదు కదా.

రోడ్డు అంచున, కొంచెం ఎత్తు మీద నిలబడి పది నిమిషాలు ఊరికే చూడండి. కెరటం ఎక్కడ విరిగి తెల్లటి నురగ అవుతుందో అక్కడ లోతు తక్కువ, అడుగున ఇసుక తిన్నె ఉంది. రెండు నురగల నడుమ కెరటం విరగకుండా, నీరు ముదురు రంగులో, నెమ్మదిగా కదులుతూ కనిపించే చోట అడుగున గాడి ఉంది. చేపలు ఆ గాడి వెంట తిరుగుతాయి. గాలం పడవలసింది అక్కడ.

అయితే ఒడ్డుకు కొట్టిన నీరంతా తిరిగి సముద్రంలోకి పరుగెత్తేది కూడా చాలాసార్లు ఆ గాడి వెంటే. తెలియని కంటికి అదే నెమ్మదైన చోటుగా, పిల్లలు ఆడుకోవడానికి అనువుగా కనిపిస్తుంది. విశాఖ తీరాన ఏటా ఎందరినో మింగుతున్నది ఇలాంటి నెమ్మదైన నీరే. గాలానికి మంచి చోటు, కాలు పెట్టడానికి చెడ్డ చోటు ఒకటేనని ముందే మనసులో పెట్టుకుంటే మిగతా ఏర్పాట్లన్నీ వాటంతట అవే కుదురుతాయి.

ఒడ్డుకు వెళ్లగానే మడమతో ఇసుక మీద రెండు గీతలు గీయండి. తడి ఇసుక మొదలయ్యే చోటుకు పది అడుగులు ఇవతల అడ్డంగా ఒకటి, అది పిల్లల గీత. పెద్దవాళ్లు చేయి పట్టుకుంటే తప్ప దాన్ని దాటకూడదు. నీటి వైపుకు నిలువుగా ఇంకొకటి. దానికి ఒక పక్క గాలాలు, మరో పక్క మిగతా జనం. పోటు ఎక్కుతుంటుంది కనుక అరగంటకొకసారి పిల్లల గీతను వెనక్కి జరపాలి. ఈ పని మా ఇంట్లో తొమ్మిదేళ్ల మేనకోడలికి అప్పగించాం. గీత దాటిన వాళ్లమ్మను కూడా ఆ పిల్ల వదల్లేదు.

ఎవరైనా ఆ గాడిలో పడి లోపలికి కొట్టుకుపోతుంటే వెంటనే దూకకండి. ఒకరి కోసం ఇద్దరు పోయేది అలాగే. ఐదు లీటర్ల ఖాళీ నీళ్ల డబ్బాకు మూత గట్టిగా బిగించి, ఇరవై మీటర్ల తాడు కట్టి ముందుగానే పక్కన పెట్టుకోండి, దాన్ని విసరండి. 112కు ఫోను చేయండి, దగ్గరలోని పడవవాళ్లను కేకేయండి. కొట్టుకుపోతున్న మనిషి ప్రవాహానికి ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, నురగ ఉన్న చోటికి చేరితే కెరటాలే ఒడ్డుకు తోస్తాయి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చేయి ఊపాలి. బయలుదేరే ముందే ఈ మాటలు అందరికీ చెప్పండి.

ఇక గోస్తని మొగ. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కింది నుంచి వచ్చే గోస్తని భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఉప్పునీరు, మంచినీరు కలిసే చోటు కావడంతో కొయ్యింగలు తిరుగుతాయి, రాసి బాగుంటే పండుగప్ప కూడా తగులుతుంది. ఆటు మొదలైనప్పుడు ఏటి నీరు మోసుకొచ్చే మేత కోసం పెద్ద చేపలు అక్కడే కాచుకుని ఉంటాయి. కాని ఆ వేళ మొగలో నీటి వడి ఎక్కువ, ఇసుక అంచులు కాళ్ల కిందే జారిపోతాయి. అక్కడికి ఈత వచ్చిన పెద్దవాళ్లు ఇద్దరు చొప్పున మాత్రమే వెళ్లాలి. సంసారం సముద్రం వైపు, మొగకు దూరంగా ఉండాలి.

ఎంత చదివినా ఆ ఒడ్డున పుట్టి పెరిగిన వాళ్లు చదివినట్టు మనం చదవలేం. వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన్ను ఒకసారి, “తాతా, గాడి ఎక్కడుంది? పోయినేడు ఇక్కడే ఉండేది” అని అడిగాను. ఆయన సూది ఆపకుండానే, “ఏడాది పాటు అక్కడే ఉండడానికి అది మీ వీధి కుళాయా బాబూ?” అని, గడ్డంతో ఉత్తరం వైపు చూపించాడు. అడగండి, వాళ్లు చెబుతారు. వాళ్లు ఒడ్డు నుంచి తాళ్లతో లాగే అలివి వల లాగుతుంటే మాత్రం మీ గాలాలన్నీ చుట్టేయండి. అది వాళ్ల కూడు, మనది సరదా. తాడుకు ఒక చేయి వేస్తామంటే సంతోషిస్తారు. పిల్లలకైతే గాలం కన్నా ఆ తాడే ఎక్కువ గుర్తుంటుంది.

గాలం కట్టడం

అందరికీ రాడ్లు కొనకండి. పది పన్నెండు అడుగుల రాడ్డు, దానికి తగిన రీలు ఒక్కటి చాలు, రెండైతే ఎక్కువే. మిగతావన్నీ చేతి గాలాలు. ఖాళీ నీళ్ల సీసాకు యాభై మీటర్ల నైలాన్ దారం చుడితే అదే గాలం. దారం అర మిల్లీమీటరుకు పైబడిన మందం ఉండేలా చూడండి. సన్న దారం చేపకు కనిపించదు నిజమే, చేప లాగితే మాత్రం వేళ్లు తెగుతాయి. రాడ్డుకు 0.35 లేదా 0.40 మిల్లీమీటర్లది సరిపోతుంది.

దారం చివర సీసం కట్టండి. రాడ్డుకైతే అరవై నుంచి ఎనభై గ్రాములు, చేతి గాలానికి అందులో సగం. సీసానికి జానెడు పైన ఒక కొక్కెం, మరో మూరెడు పైన ఇంకొక కొక్కెం, రెండూ బెత్తెడు పొడవున్న పక్క దారాలకు వేలాడాలి. కొక్కేల నంబరు పెరిగే కొద్దీ సైజు తగ్గుతుంది. ఆరో నంబరు నుంచి ఎనిమిదో నంబరు దాకా తీసుకుంటే చిన్న నోటి చేపలు కూడా తగులుతాయి, పిల్లలకు విసుగు రాదు. ఇంట్లోనే పట్టకారుతో కొక్కేల వెనుక ముల్లు నొక్కేయండి. ఒకటి రెండు చేపలు జారిపోతాయేమో. కాని కొక్కెం మనిషికి గుచ్చుకుంటే అంతే తేలిగ్గా బయటికి వస్తుంది. మా బావమరిది విసిరిన మొదటి గాలం మా బాబాయి టోపీతో పాటు చెవి అంచును కూడా పట్టుకుంది. ముల్లు నొక్కి ఉండబట్టి ఆ రోజు పండుగ పండుగలాగే ముగిసింది. నొక్కని ముల్లు లోపలికి దిగితే లాగకండి. దారం కత్తిరించి, కొక్కెంతోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ముడి దగ్గరే చాలామంది నష్టపోతారు. నైలాన్‌కు మామూలు ముడి వేస్తే జారిపోతుంది. దారం కొసను కొక్కెం కంటిలోంచి దూర్చి జానెడు లాగండి. ఆ కొసను అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పండి. ఇప్పుడు కొక్కెం కంటి పక్కనే చిన్న సందు ఒకటి కనిపిస్తుంది. కొసను అందులోంచి దూర్చండి. అలా దూర్చినప్పుడు పక్కనే పెద్ద ఉచ్చు ఒకటి ఏర్పడుతుంది, కొసను దానిలోంచి కూడా తీయండి. ముడిని ఉమ్మితో తడిపి, నెమ్మదిగా బిగించండి. పొడిగా బిగిస్తే రాపిడికి దారం వేడెక్కి బలం తగ్గుతుంది. మెలికలు చుట్టిన తీగలా ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటే ముడి కుదిరినట్టు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే తెంపి మళ్లీ వేయండి. కనుమ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని పిల్లలతో ఒక్కొక్కరి చేత పదేసి ముడులు వేయించండి. సీసాన్ని పళ్లతో నొక్కే అలవాటు ఎవరికైనా ఉంటే మాన్పించండి. అది విషం, ముట్టుకున్నాక చేతులు కడుక్కోనిదే తిండి ముట్టకూడదు.

ఎర

పచ్చి రొయ్యను మించింది లేదు. పెంకు తీసి, తోక వైపు నుంచి కొక్కెం వంపు వెంట జొనిపి, మొన మాత్రం బయటికి కనిపించేలా గుచ్చండి. చిక్కేమిటంటే రొయ్య మెత్తన, విసిరిన ఊపుకు ఊడిపోతుంది. ముందు రాత్రే ఉప్పు పట్టించి ఉంచితే గట్టిపడుతుంది. గుచ్చాక కుట్టు దారంతో నాలుగు చుట్లు చుడితే కెరటానికి కూడా ఓర్చుకుంటుంది. కవ్వళ్లనే చిన్న చేపలను పేలికలుగా కోసి గుచ్చినా జెల్లలు, గొరకలు, పారలు వస్తాయి. కొయ్యింగకు వీటితో పని లేదు. దానికి గోధుమపిండి ముద్ద, బెండు కట్టిన గాలం కావాలి. ఎరను ఎండలో పెట్టకండి, ఐసు మీద ఉంచండి.

మీరు వేసవి సెలవులకు వెళ్లేటట్టయితే ఒక సంగతి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. ఒడ్డున చేతి గాలానికి అది అడ్డు కాదు, కాని ఎరకు తాజా సరుకు అంత సులువుగా దొరకదు.

మూటలో ఏముండాలి

నీళ్లు మనిషికి రెండు లీటర్లు, టోపీలు, పెద్ద గొడుగు, పట్టకారు, కత్తి, మందపాటి పాత తువ్వాలు, థర్మకోల్ పెట్టె నిండా ఐసు. పండుగ అరిసెలు, జంతికలు ఎలాగూ ఉంటాయి, వాటికి తోడు పులిహోర చేసుకుంటే ఉప్పుగాలిలో కూడా చెడదు. జనవరి తెల్లవారుజాము చలికి పెద్దవాళ్లకు శాలువాలు తప్పనిసరి. ఫ్లాస్కు నిండా మరిగిన నీళ్లు పట్టుకెళ్లండి. టీ కలుపుకోవడానికని అందరూ అనుకుంటారు, అసలు పని వేరే ఉంది, చెబుతాను. మందు సీసా మూటలోకి ఎక్కితే ఆ స్నేహితుడిని మూటతో సహా ఇంట్లోనే దింపేయండి.

విసరడం, కాచుకోవడం

విసిరే మనిషి ముందు వెనక్కి తిరిగి చూడాలి, తరువాత “వేస్తున్నా” అని పైకి అనాలి. ఇద్దరు గాలగాళ్ల మధ్య ఇరవై అడుగులు ఉండాలి. చేతి గాలం విసిరేటప్పుడు సీసాను ఎడమ చేతిలో, మూతి నీటి వైపు ఉండేలా పట్టుకోండి. కుడి చేత్తో సీసపు బరువును రెండడుగుల దారం మీద పక్కన రెండుసార్లు తిప్పి వదలండి. దారం చుట్లు సీసా మూతి మీదుగా వాటంతట అవే జారిపోతాయి. దూరం పడాలని మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగకండి. గాడి ఒడ్డుకు దగ్గరగా ఉంటే మీరు నిలబడ్డ చోటే చేపలుంటాయి.

సీసం అడుగుకు చేరాక వదులు లాగి, దారాన్ని చూపుడువేలి మీద ఆనించి ఉంచండి. కెరటం దారాన్ని మెల్లగా లాగి వదులుతుంది, ఆ లయ ఐదు నిమిషాల్లో వేలికి అలవాటవుతుంది. చేప ఆ లయకు చెందదు. తలుపు మీద గోటితో తట్టినట్టు టక్, టక్ మంటుంది. మొదటి తట్టుకు లాగకండి, రుచి చూస్తోంది. దారం బిగిసి కదలడం మొదలయ్యాక మణికట్టుతో ఒక్క గుంజు చాలు. తరువాత కెరటం వచ్చేటప్పుడు లాగండి, వెనక్కి పోయేటప్పుడు పట్టు నిలిపి ఆగండి. వెనక్కి పోయే నీటితో పోటీ పడితే దారం తెగుతుంది. చివరి కెరటంతో పాటే చేపను ఇసుక మీదికి తీసుకురావాలి.

ఇరవై నిమిషాలకు ఏదీ ముట్టకపోతే ఎర మార్చండి. రెండుసార్లు మార్చినా ఫలితం లేకపోతే చోటు మార్చండి, యాభై అడుగులు చాలు.

చేప చేతికొచ్చాక

ఇక్కడ తగిలే వాటిలో ఎక్కువ జెల్లలే. మీసాలు చూసి పిల్లలు నవ్వుతూ చేయి చాపుతారు, చాపనివ్వకండి. వీపు మీద ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి, మొత్తం మూడు ముళ్లు, రంపపు పళ్లతో, విషంతో ఉంటాయి. తువ్వాలుతో అదిమి, పట్టకారుతో కొక్కెం తీయాలి. నేను ఒక ఏడు వట్టి చేత్తో పట్టుకున్నాను. ముల్లు దిగిన అరచేయి మోచేతి దాకా మండింది. ఫ్లాస్కు నీళ్లు అప్పుడే పనికొచ్చాయి. బాగున్న చేత్తో ముందు పరీక్షించి, చర్మం కాలకుండా భరించగలిగినంత వేడి నీటిలో గుచ్చుకున్న చోటును అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచితే నొప్పి దిగుతుంది. ఆ తరువాత ఆసుపత్రికి వెళ్లి ముల్లు మిగిలిందేమో చూపించుకుని ధనుర్వాతం సూది వేయించుకోవాలి. చదునుగా ఉండి, పొడవాటి తోకకు ముల్లుండే టేకు చేప గుచ్చినా ఇదే మొదటి చికిత్స. టేకు తగిలితే మాత్రం ఒడ్డుకు తేవద్దు, దారం కోసి వదిలేయండి.

గాలి పీల్చి పొట్ట బంతిలా ఉబ్బించుకునే చేప వస్తే తినాలన్న ఆలోచనే వద్దు. దాని విషం ఎంత ఉడికించినా పోదు. పిల్లలకు చూపించి వదిలేయండి. అరచేతి పొడవు కూడా లేని పిల్ల చేపలనూ తడి చేత్తో పట్టి నీళ్లలోకి పంపేయండి.

ఉంచుకునే వాటిని వెంటనే మొప్పల దగ్గర కోసి, రక్తం కారనిచ్చి ఐసులో పెట్టండి. చేప ఎంత బరువో ఐసూ అంత. బకెట్టు నీళ్లలో తేలేసి ఎండలో పెట్టే అలవాటు చాలామందికి ఉంది, సాయంత్రానికి పులుసంతా వాసన వేయడానికి కారణం అదే.

లేచే ముందు

తెగిన దారం ముక్కలన్నీ ఏరి ఒక సీసాలో కుక్కండి. జనవరి నుంచి మార్చి దాకా ఈ ఒడ్డుకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నైలాన్ వాటి రెక్కలకు చుట్టుకుంటే ఊడదు. ఇసుక మీద ట్రాక్టరు చక్రాల జాడలా కనిపిస్తే అది తాబేలు నడిచిన దారి, తవ్వకుండా, తొక్కకుండా పక్కనుంచి పోవాలి. దారం ఏరడాన్ని పిల్లల మధ్య పందెంగా పెట్టండి, అంగుళం ముక్క కూడా మిగలదు.

తలలు లెక్కపెట్టి బండి ఎక్కండి. దారిలో రాడ్డు, రీలు తలచుకోకండి. ఇంటికి వెళ్లగానే మంచినీళ్లతో కడిగి ఆరబెడితే చాలు, కడగకపోతే వచ్చే ఏటికి తుప్పే మిగులుతుంది.

గేదె చెరువులో ఉండగానే బేరం పెట్టినట్టు మా వదిన తెల్లవారకముందే చింతపండు నానబెట్టి, మసాలా నూరి ఉంచుతుంది. ఆమె నమ్మకం మన గాలం మీద కాదు, రేవు దగ్గర బుట్టలు పెట్టుకుని కూర్చునే అమ్మల మీద. వచ్చేటప్పుడు అక్కడ ఆగి రెండు కిలోల కవ్వళ్లు తీసుకోండి, సిగ్గుపడనక్కరలేదు. మన జెల్లలను వాటితో కలపకుండా వేరే దాకలో పులుసు పెట్టండి. ముక్కలు వేశాక గరిటె పెట్టొద్దు, దాకనే రెండు చేతులతో పట్టి తిప్పాలి. పోయినేడు మాకు పడినవి మూడంటే మూడు జెల్లలు, తినేవాళ్లు పదకొండు మంది. ఆ చిన్న దాక దగ్గర జరిగిన తగువు, కవ్వళ్ల దాక దగ్గర ఎవరూ లేకపోవడం చూసి వదిన, “వచ్చే ఏడు నేనూ వస్తాను, నాకూ ఒక సీసా చుట్టి పెట్టు” అంది.